ముద్ర స్పష్టంగా పడాలి

(జాతీయ తపాలా వారోత్సవాల్లో, కొత్తగా చేరిన పోస్టల్ అసిస్టెంట్లను ఉద్దేశించి, 2024లో పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

సూపరింటెండెంటు గారికి, పోస్టుమాస్టరు గారికి, నాతో కలిసి పనిచేసినవాళ్లకు, ఈ ముందు వరసల్లో కూర్చున్న కొత్త పిల్లలకు. మిమ్మల్ని పిల్లలు అంటున్నానని ఏమీ అనుకోకండి. మీలో చాలామంది పుట్టకముందే నేను కౌంటర్లో కూర్చున్నాను.

ఇందాక హాల్లోకి వస్తుంటే ఒకమ్మాయి పక్కకు పిలిచి అడిగింది, "మేడమ్, ఇందులో గ్రోత్ ఉంటుందా?" అని. ఆ వెనకే ఇంకో అబ్బాయి వచ్చి అదే ప్రశ్న ఇంకో రకంగా అడిగాడు, "మేడమ్, ఇన్‌స్పెక్టర్ పరీక్షకు ఇప్పట్నుంచే చదవడం మంచిదా?" అని. మీ మనసులో ఉన్నది అదేనని నాకు తెలుసు. 1988లో నా మనసులోనూ అదే ఉంది. దాని గురించి దాచకుండా మాట్లాడతాను. కానీ నాకు ముందు ముద్ర సంగతి చెప్పాలని ఉంది, ఎందుకంటే నా ఉద్యోగం దానితోనే మొదలైంది.

చేరిన రోజు మా సబ్ పోస్టుమాస్టరు గారు నన్ను కౌంటర్లో కూర్చోనివ్వలేదు. చెక్క పిడి ఉన్న డేట్ స్టాంపు చేతికిచ్చి, పక్కన చిన్న డబ్బా పెట్టారు. డబ్బాలో అంకెల అచ్చులు. చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, నిన్నటి తేదీ అచ్చు తీసి ఇవాళ్టిది పెట్టాలి. పెట్టాక ఇంప్రెషన్ బుక్కులో ఒక ముద్ర కొట్టి చూపించాలి. కొట్టాను. సగం పడింది. "మళ్లీ" అన్నారు. కొట్టాను. ఇంకు ఎక్కువై అక్షరాలు పూడిపోయాయి. "మళ్లీ." ఆరోసారికి గుండ్రంగా, ఊరి పేరు, తేదీ, పిన్‌కోడ్ అన్నీ చదవడానికి వచ్చాయి. అప్పుడు ఆయన చెప్పిన మాట ఇది: "అమ్మా, ఒక కుర్రాడు ఉద్యోగానికి దరఖాస్తు ఆఖరు రోజున పోస్టు చేస్తాడు. నేను టైముకే వేశానని అతను రుజువు చూపించాలంటే అతని దగ్గర ఏముంటుంది? నీ ముద్రే. కోర్టులో ఎవరో నోటీసు పంపానంటారు. ఎప్పుడు పంపావంటే మళ్లీ నీ ముద్రే. నువ్వు రోజంతా సాక్ష్యం చెబుతుంటావన్న మాట. సాక్ష్యం తడబడకూడదు."

నాకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ చదివి ముద్రలు కొట్టడమేమిటని లోపల ఉడికిపోతూ ఉన్నాను. ఆ మాట విన్నాక ఉడుకు పూర్తిగా తగ్గలేదు గానీ, చెయ్యి మాత్రం జాగ్రత్తపడింది.

సబ్ ఆఫీసంటే హెడ్ పోస్టాఫీసు కింద పనిచేసేది. అప్పట్లో అక్కడ రోజు ఎలా నడిచేదో కొంచెం చెబుతాను. పొద్దున్నే బ్యాగు వచ్చేది. కట్టు తెంపేముందు సీలు చూడాలి, లేబుల్ చూడాలి. లోపల అకౌంటు బ్యాగు, రిజిస్టర్డ్ ఉత్తరాల జాబితా. జాబితాలో ఉన్నదీ చేతికొచ్చినదీ ఒకటి కాకపోతే ఆ క్షణంలోనే రాసి పెట్టాలి, పది నిమిషాలు ఆగితే ఆ తప్పు మనదైపోతుంది. పోస్టుమాన్లు బీట్లకు వెళ్లాక కౌంటరు. సాయంత్రం మా కింద ఉన్న పల్లెల బ్రాంచి ఆఫీసుల లెక్కలు చూడటం, డిస్పాచి, బ్యాగుకు లక్క సీలు, నగదు లెక్క, హెడ్ ఆఫీసుకు వెళ్లే డైలీ అకౌంటు. సేవింగ్స్ బ్యాంకు అంతా లెడ్జర్లు. ఆర్థిక సంవత్సరం చివర ఒక్కో ఖాతాకూ వడ్డీ చేత్తో కట్టేవాళ్లం. అందులో అందమేమీ లేదు. కళ్లు లాగేవి. సంచయ్ పోస్ట్ సాఫ్ట్‌వేర్ వచ్చిన రోజున నేను నిజంగా సంతోషించాను. పాతదంతా బంగారమని మీకు చెప్పడానికి నేను రాలేదు.

కానీ ఒక్క మనియార్డరు గురించి మాత్రం కొంచెంసేపు చెప్పనివ్వండి.

మన దేశంలో మనియార్డరు 1880లో మొదలైంది. ఫారం అడుగున చిన్న ముక్క ఉండేది, కూపన్ అనేవాళ్లం. డబ్బు పంపేవాళ్లు రెండు మూడు వాక్యాలు అందులో రాసుకోవచ్చు. డబ్బుతో పాటు ఆ ముక్క కూడా అవతలివాళ్ల చేతికి వెళ్తుంది. నేను పనిచేసిన రెండో ఆఫీసు ఉన్న పట్టణంలో వలస కూలీలు ఎక్కువ. మన జిల్లాల నుంచి భివండీ, సూరత్, ముంబై వెళ్లినవాళ్లు ఇళ్లకు మనియార్డర్లు పంపినట్టే, ఎక్కడెక్కడి నుంచో మా పట్టణానికి వచ్చినవాళ్లు మా కౌంటర్ నుంచి పంపేవాళ్లు. చాలామందికి రాయడం రాదు. ఫారం నాకిచ్చి "మీరే నింపండమ్మా" అనేవాళ్లు. పేరు, ఊరు, సొమ్ము రాశాక అడిగేదాన్ని, "కింద ఏం రాయమంటారు?"

ఆ ప్రశ్నకు మనిషి ఎంతసేపు ఆలోచిస్తాడో మీరు ఎప్పుడూ చూసి ఉండరు. వెనక లైను ఉంటుంది. ఇతను నేల చూస్తాడు. చివరికి "నేను బాగున్నానని రాయండి" అంటాడు. రాస్తాను. కాగితం తిరిగి ఇచ్చేలోపు "ఆగండమ్మా, పాప ఫీజు కట్టమని కూడా" అంటాడు. రాస్తాను. ఇక చోటుండదు. అప్పుడే గుర్తొస్తుంది అతనికి అసలు మాట. "పండక్కి రాలేనని రాయలేదు కదా." ఆ అసలు మాటకు చోటు మిగలాలంటే మొదటి రెండూ ఎంత చిన్నగా రాయాలో నాకు రెండేళ్లలో అలవాటైంది. "క్షేమం. పాప ఫీజు కట్టు. పండక్కి రాలేను, ఆ తరవాత వస్తాను." ఈ నాలుగు ముక్కలు రాయడం నేను ఏ బళ్లోనూ నేర్చుకోలేదు.

సొమ్ము ముట్టాక అవతలి మనిషి సంతకమో వేలిముద్రో ఉన్న రసీదు వెనక్కి వచ్చేది. దానికోసం వచ్చి అడిగేవాళ్లు. తల్లి వేలిముద్ర చూసుకుని జేబులో పెట్టుకున్నవాళ్లను నేను ఎంతమందినో చూశాను. 2015లో ఆ పాత మనియార్డరు ఆగిపోయింది. ఈ-మనియార్డరు ఉంది, అందులో ముందే తయారు చేసిన వాక్యాల్లోంచి ఒకటి ఎంచుకుంటారు. డబ్బు త్వరగా చేరుతుంది. అది మంచిదే. ఆ కూపన్ మాత్రం పోయింది, దానికి నాకు ఇప్పటికీ బాధే.

కష్టం కూడా చెప్పాలి. చేరిన రెండో ఏడు, పింఛన్ల చెల్లింపు రోజున సాయంత్రం నగదు చూస్తే ఐదు వందలు తక్కువ. నాలుగో వేతన సంఘం స్కేలు, మూల వేతనం 975తో మొదలు. అంటే సగం నెల మూల వేతనం. మూడుసార్లు లెక్కపెట్టాం. బల్ల కింద, సొరుగుల్లో, వోచర్ల మధ్య వెతికాం. రాత్రి తొమ్మిదయింది. నా జేబులోంచి కట్టాను. ఆ ఐదు వందలు ఎక్కడికి పోయాయో ఇవాళ్టికీ తెలియదు. ఎవరూ తెచ్చి ఇవ్వలేదు. ఆ మర్నాటి నుంచి ఇచ్చే నోట్ల వివరం ఫారం వెనక పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను, వంద ఎన్ని, యాభై ఎన్ని అని. అవతలి మనిషికి వినపడేలా పైకి లెక్కపెట్టి ఇవ్వడం కూడా. ఎంత లైనున్నా సరే. "త్వరగా కానివ్వండి" అని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. రాత్రి తొమ్మిదికి మీ పక్కన ఉండేది వాళ్లు కాదు.

ఇప్పుడు గ్రోత్ సంగతి.

మీకు పదేళ్లకు, ఇరవయ్యేళ్లకు, ముప్పయ్యేళ్లకు ఎమ్మేసీపీ, అంటే ప్రమోషన్ లేకపోయినా పై గ్రేడు జీతం, వస్తుంది. 2008 సెప్టెంబరు నుంచి ఉన్న ఏర్పాటు ఇది. మా కాలంలో పదహారేళ్లకు ఒకటి, ఇరవయ్యారేళ్లకు ఒకటి ఉండేవి. ఇది జీతం పెరుగుదల, కుర్చీ మారదు. దీన్ని ప్రమోషన్ అని ఇంట్లో చెప్పుకోవచ్చు, తప్పు లేదు. కుర్చీ మారేది ఎల్‌ఎస్‌జీతో, అంటే లోయర్ సెలక్షన్ గ్రేడుతో, ఆపైన హెచ్‌ఎస్‌జీ, అంటే హయ్యర్ సెలక్షన్ గ్రేడు, రెండు, ఒకటి. అవి సీనియారిటీని బట్టి, ఖాళీలను బట్టి వస్తాయి. వచ్చినప్పుడు ఊరు మారమంటారు. పిల్ల పదో తరగతిలో ఉన్నప్పుడే వస్తుంది ఆ ఆర్డరు, ఎందుకో గానీ. ఎంతమంది వద్దని రాసిచ్చారో నాకు తెలుసు. వాళ్లను చేతకానివాళ్లని ఎవరూ అనకండి.

ఇక పరీక్ష. ఇన్‌స్పెక్టర్ పోస్టుల్లో పెద్ద భాగం మనలాంటి శాఖాపరమైన అభ్యర్థులకే. మేం రాసినప్పుడు వాల్యూములు చదవాల్సి వచ్చేది. పోస్టల్ మాన్యువల్ ఐదు, ఆరు, ఏడు, పోస్టాఫీసు గైడు, ఆర్థిక నియమాల పుస్తకాలు, సెలవుల నియమాలు, ప్రవర్తన నియమాలు. నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి మా పాపకు మూడేళ్లు. రాత్రి పదకొండుకు వంటిల్లు సర్దుకుని కూర్చుంటే, రెండు పేజీలకే నిద్ర తన్నుకొచ్చేది. అయినా రాశాను, రాలేదు. రెండేళ్ల తరవాత బాగా చదివి రాశాను. ఈసారి కొద్ది మార్కుల్లో పోయింది. ఫలితం చూసిన రోజున ఆఫీసులో ఎవరికీ ముఖం చూపించలేక రికార్డు రూములోకి వెళ్లి ఏడ్చాను. మూడోసారి రాయలేదు.

ఎందుకు రాయలేదని అడిగితే ఇన్నేళ్లూ "తృప్తి" అని చెప్పేదాన్ని. అది నిజం కాదు. ఇంట్లో మూడోసారికి ఓపిక లేకపోయింది. నాకూ అడిగే ధైర్యం లేకపోయింది. ఇన్‌స్పెక్టరంటే నెలలో చాలా రోజులు బ్రాంచి ఆఫీసుల తనిఖీలకు తిరగాలి. "ఆడపిల్లకు అదంతా ఎందుకు" అన్నారు, నేను ఒప్పేసుకున్నాను. ఇక్కడున్న అమ్మాయిలకు ప్రత్యేకంగా చెబుతున్నాను: రాయాలనుంటే రాయండి. మూడోసారి, నాలుగోసారి కూడా రాయండి. తృప్తి అనే మాటను మీ తరఫున ఇంకొకళ్లను పలకనివ్వకండి.

మీలో కొందరు గ్రామీణ డాక్ సేవకులుగా చేరి, పరీక్షలు రాసుకుంటూ ఈ కుర్చీ దాకా వచ్చారని విన్నాను. మీకు నేను చెప్పగలిగింది తక్కువ. బ్రాంచి ఆఫీసు అరుగు మీద కూర్చుని, ఊరి ముసలమ్మ ఖాతాలో ఎంత ఉందో పుస్తకం చూడకుండా చెప్పగలిగినవాళ్లు మీరు. దేశంలో లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులుంటే పదింట తొమ్మిది పల్లెల్లోనివే. శాఖ అంటే అసలు అది. ఆ అనుభవాన్ని చిన్నదిగా చూసుకోకండి.

పరీక్ష గురించి ఇంకొక్క మాట. రాయడం వేరు, ఫలితం వచ్చేదాకా కౌంటర్ని రైలు కోసం కూర్చున్న ప్లాట్‌ఫారంలా చూడటం వేరు. నా బ్యాచిలో ఒకరిద్దరు అలాగే చూశారు. రైలు కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. రానివాళ్లకు ఆ ఇరవయ్యేళ్లూ ఏమయ్యాయి? ఎదురుగా వచ్చిన మనిషి ముఖం వాళ్లు ఒక్కసారీ చూడలేదు.

ఇంగ్లండులో ఆంటొనీ ట్రాలప్ అనే ఆయన 1834లో మన లాంటి గుమస్తాగానే లండన్ పోస్టాఫీసులో చేరాడు. వీధుల్లో ఉత్తరాల డబ్బాలు పెట్టించడానికి కారకుల్లో ఆయన ఒకడు. పై పదవి తనకే వస్తుందనుకున్నప్పుడు ఇంకొకరికి వెళ్లింది. ఆయన బాధపడ్డాడు, కొంతకాలానికి 1867లో రాజీనామా చేశాడు. కానీ ఈలోపల ఏళ్ల తరబడి తెల్లవారుజామునే లేచి, గడియారం ఎదురుగా పెట్టుకుని నవలలు రాస్తూనే ఉన్నాడు. ఆఫీసు టైముకు ఆఫీసులో ఉండేవాడు. పదవి రాని రోజున ఆయన చేతిలో ఇంకొకటి ఉంది.

నా చేతిలో ఏముందో చెబుతాను.

రెండోసారి పరీక్ష పోయిన కొన్నాళ్లకు నన్ను హెడ్ ఆఫీసులో ఉత్తరాలు విడదీసే చోట వేశారు. ఎదురుగా గూళ్లున్న చెక్క బీరువా. చేతిలో కట్ట, ఒక్కో ఉత్తరాన్నీ దాని గూట్లో వేయాలి. మొదట్లో చిరాకే. ఒకరోజు ఒక పోస్టుకార్డు మీద బ్రాంచి ఆఫీసు ముద్ర కనపడింది. ఎంత చక్కగా పడిందంటే, ఒక్క అక్షరం చెదరలేదు. ఆ ఊరి పేరు నేను ఎప్పుడూ వినలేదు. ఆ ముద్ర కొట్టిన మనిషి ఎవరో, ఏ అరుగు మీద కూర్చుని కొట్టాడో అనిపించింది. మా సబ్ పోస్టుమాస్టరు గారు గుర్తొచ్చారు.

కార్డు నాది కాదు, నేను ఉంచుకోకూడదు. ఇంటికెళ్లి ఒక జవాబు కార్డు తీసుకున్నాను. రెండు కార్డులు కలిసి ఉండేవి, మీరు చూసి ఉండరు. ఒక సగంలో ఆ బ్రాంచి పోస్టుమాస్టరు గారికి రాశాను: "అయ్యా, నేనూ మీ శాఖలోనే పనిచేస్తున్నాను. మీ ఆఫీసు ముద్ర చాలా బాగుంది. రెండో సగం మీద ఒక ముద్ర స్పష్టంగా కొట్టి తిరిగి పంపగలరా?" పది రోజులకు వచ్చింది. ముద్ర పక్కన చిన్న అక్షరాలతో, "ఇరవై రెండేళ్లలో మా ముద్ర కావాలని అడిగినవారు మీరొక్కరే" అని రాసి ఉంది.

అలా మొదలైంది. ఇప్పుడు నా దగ్గర రెండు వేలకు పైగా ముద్రలున్నాయి. తెలుగు నేల మీద ఆఫీసులవే. స్టాంపులు సేకరించేవాళ్లు మన శాఖలో చాలామంది ఉన్నారు. త్యాగరాజు, గురజాడ, అల్లూరి, ఘంటసాల స్టాంపులు నా దగ్గరా ఉన్నాయి. కానీ స్టాంపు దేశమంతటికీ ఒకటే. ముద్ర ఏ ఊరిది ఆ ఊరిదే.

ఈ ముద్రలు పక్కపక్కన అతికిస్తుంటే ఊరి పేర్లు నాతో మాట్లాడటం మొదలుపెట్టాయి. పేరు చివర వలస అని ఉంటే చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం వైపు. లంక అంటే గోదావరి, కృష్ణ పాయల మధ్య. గూడెం అంటే అడవి దగ్గరో, ఒకప్పుడు అడవి ఉన్న చోటో. కుంట, చెరువు అని వస్తే అక్కడి జనం నీళ్ల కోసం ఎంత ఆలోచించారో తెలుస్తుంది. ఊరికి పేరు పెట్టినవాళ్లు తమ చుట్టూ ఏముందో చూసి పెట్టారు. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు, ముద్రలు చెప్పాయి.

ఇంకో సంగతి. ఈ నా ఉద్యోగకాలంలోనే మన నేల మీద గీతలు ఎన్నిసార్లు మారాయో చూడండి. నేను చేరడానికి మూడేళ్ల ముందు, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నేను చేరాక కూడా జనం చాలా ఏళ్లు తాలూకా పేరే రాసేవాళ్లు. 2014లో రాష్ట్రం రెండయింది. 2016 దసరాకు తెలంగాణలో జిల్లాలు పది నుంచి ముప్పై ఒకటయ్యాయి. 2022 ఏప్రిల్లో ఆంధ్రలో పదమూడు ఇరవయ్యారయ్యాయి. నా ఆల్బమ్‌లో ముద్రల కింద నేను పెన్సిలుతో రాసిన జిల్లా పేర్లు ఎన్నిసార్లు చెరిపి రాసుకున్నానో. ముద్రలో ఉన్న ఆరంకెలు మాత్రం చెరపాల్సిన పని రాలేదు.

ఆ ఆరంకెల వెనక ఉన్న మనిషి గురించి తెలుసుకున్నాక నాకు ఈ ఉద్యోగం మీద గౌరవం ఇంకా పెరిగింది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. రూపొందించినది శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అధికారి. మనకెన్ని కొత్తపల్లులు, ఎన్ని రామాపురాలు! పైగా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లిపి. మొదటి అంకె ప్రాంతానిది, మన రెండు రాష్ట్రాలకూ కర్ణాటకకూ 5. మొదటి మూడు కలిపితే సార్టింగు జిల్లా, చివరి మూడు బట్వాడా ఆఫీసు. ఇంత పొదుపుగా ఆలోచించిన ఆ వేలంకర్ గారు సంస్కృత కవి. ఎన్నో రచనలు చేశారు. ఈ సంగతి మొదట విన్నప్పుడు అంకెలకూ కవిత్వానికీ ఏం సంబంధమని ఆశ్చర్యపోయాను. తరవాత అనిపించింది, ఛందస్సులో గురువులూ లఘువులూ లెక్కపెట్టిన చెయ్యే కదా అది, ఏ చోట ఏది ఉండాలో ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆఫీసు పనీ ఇష్టమైన పనీ రెండు వేరువేరు గదుల్లో ఉంటాయని నేననుకోను. ఒక గదిలో దీపం వెలిగిస్తే వెలుతురు రెండో దాంట్లోకీ పడుతుంది.

నాకూ ఒకసారి అలా పడింది. వానాకాలం. దారి తప్పి మా ఆఫీసుకు ఒక కవరు వచ్చింది. తడిసి, చిరునామా సగం కరిగిపోయింది. పైన అచ్చయి ఉన్నదాన్ని బట్టి లోపల హాల్‌టికెట్టో ఇంటర్వ్యూ కాగితమో ఉందని అర్థమవుతోంది. ఊరి పేరులో మొదటి అక్షరం 'బ', చివర 'వలస'. మధ్యలో ఏమీ లేదు. పిన్‌కోడ్‌లో 532 కనపడుతోంది, మిగతాది నీలం మరక. మామూలుగా అయితే అటువంటిది తిరుగుటపాలో పోవాలి. పంపినవాళ్ల చిరునామా కూడా చదవరాకపోతే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు. నేను మా పోస్టుమాస్టరు గారిని ఒక్క రాత్రి గడువు అడిగాను. ఇంటికెళ్లి ఆల్బమ్ తీశాను. 532తో మొదలై, బ అక్షరంతో మొదలై, వలసతో ముగిసే ఊళ్లు నా దగ్గర మూడు ఉన్నాయి. కవరు మీద "వయా" తరవాత మిగిలిన ఒక కొమ్ము, ఒక సున్నా, మూడింటిలో ఒకదాని సబ్ ఆఫీసు పేరుకే సరిపోతున్నాయి. మర్నాడు ఆ ఆఫీసు పేరు, పూర్తి పిన్‌కోడ్ ఎర్ర ఇంకుతో రాసి పంపాం.

ఆ కుర్రాడో అమ్మాయో పరీక్షకు వెళ్లారో లేదో నాకు తెలియదు. ఉత్తరం తిరిగి మాత్రం రాలేదు. తిరిగి రాలేదంటే మన భాషలో చేరినట్టే.

ఇష్టమైన పనికి డబ్బు కావాలి, తీరిక కావాలి, గుమస్తా జీతంతో ఎక్కడ కుదురుతుందని మీరు అనుకోవచ్చు. న్యూయార్కులో హెర్బర్ట్ వోగెల్ అని ఒక పోస్టల్ క్లర్కు ఉండేవాడు. రాత్రి షిఫ్టుల్లో ఉత్తరాలు విడదీసేవాడు. భార్య డొరొతీ లైబ్రేరియన్. ఆమె జీతంతో ఇల్లు, ఆయన జీతంతో బొమ్మలు, అంటే చిత్రకారుల దగ్గర నేరుగా కొనడం. వాళ్లు పెట్టుకున్న నియమం: తమ జీతానికి అందాలి, తమ చిన్న ఇంట్లో పట్టాలి. ఒక పడగ్గది ఉన్న ఆ ఇంట్లో నాలుగు వేలకు పైగా కళాఖండాలు చేరాయి. 1992లో ఆ సేకరణను వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అమ్ముకుంటే కోటీశ్వరులయ్యేవాళ్లు, అమ్ముకోలేదు. నాది అంతకంటే చవక. నేను రిటైరైన 2024లో కూడా పోస్టుకార్డు యాభై పైసలే.

తీరిక మాత్రం ఎవరూ ఇవ్వరు, తీసుకోవాలి. నేను ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని. మొదట్లో ఇంట్లో గొడవైంది. "ఆ కార్డులతో ఏం వస్తుంది?" అన్నారు. ఏమీ రాదు. రాకపోయినా ఆ రెండు గంటలూ నావి. పరీక్ష కోసం అడగలేకపోయిన ధైర్యాన్ని ముద్రల కోసం అడిగాను, ఆలస్యంగా అయినా. తరవాత తరవాత మా పాపే కార్డులు పిన్‌కోడ్ వరసలో పేర్చి పెట్టేది.

మీ పని మా పనిలా ఉండదు. 2013 జులైలో టెలిగ్రాం ఆగిపోయినప్పుడు ఇక అన్నీ పోతాయన్నారు. పోలేదు, మారాయి. కోర్ బ్యాంకింగ్ వచ్చింది. మన శాఖ పేమెంట్స్ బ్యాంకు 2018లో దేశమంతా వచ్చింది. ఆధార్ పని కూడా మన కౌంటర్లలోకి వచ్చింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ముద్ర చేసే పని చాలావరకు బార్‌కోడ్ చేస్తోంది. నెట్‌వర్క్ ఆగిపోయి, లైన్లో యాభై మంది నిలబడి, మీ తప్పు కానిదానికి మిమ్మల్ని తిడుతుంటే ఎలా ఉంటుందో నేను చివరి పదేళ్లూ చూశాను. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, లేచి నిలబడి, ఎంతసేపు పట్టొచ్చో ఉన్నదున్నట్టు చెప్పడం. తెర వెనక తలదించుకుని కూర్చుంటే కోపం రెట్టింపవుతుంది. లేచి చెబితే సగంమంది కూర్చుంటారు, సగంమంది రేపొస్తామంటారు. నేను చూసి చెబుతున్నాను.

చేతి ముద్రలు కూడా ఎల్లకాలం ఉండకపోవచ్చు. పోలవరం ముంపులో ఖాళీ అయిన ఊళ్ల వైపు నుంచి వచ్చిన కొన్ని కార్డులు నా దగ్గరున్నాయి. వాటిని ప్లాస్టిక్ కవర్లో వేరేగా దాచాను. చాలామంది ఆ పేజీ దగ్గర ఆగిపోతారు.

నేను రిటైరైన రోజు నెలాఖరు. పొద్దున్నే ఆఫీసుకెళ్లి తేదీ అచ్చులు నేనే మార్చాను. చిమటా అదే రకం, డబ్బా అదే రకం. ఇంప్రెషన్ బుక్కులో ముద్ర కొట్టాక, కౌంటర్లో కొన్న ఒక కార్డు మీద నా చిరునామా రాసి, దాని మీదా కొట్టి డబ్బాలో వేశాను. మూడో రోజున మా ఇంటికి వచ్చింది. ఒక్క అక్షరం చెదరలేదు.

ఆల్బమ్‌లు నాలుగూ అక్కడ బల్ల మీద పెట్టాను, చూడండి. పేజీలు పొడి చేతుల్తో తిప్పండి. వాటి పక్కన కార్డుల కట్ట ఉంది, అన్నిటి మీదా నా చిరునామా రాసే ఉంది. మీకు పోస్టింగు ఇచ్చిన ఆఫీసు ముద్ర నా దగ్గర ఉందో లేదో జాబితాలో చూసుకోండి. లేకపోతే ఒక కార్డు తీసుకెళ్లండి. చేరిన రోజున మీ చేత్తో కొట్టి పంపండి. సగమే పడితే ఇంకో కార్డు తీసుకుని మళ్లీ కొట్టండి, కార్డులు చాలానే తెచ్చాను.

నమస్కారం.